కాస్త రుచి చూడమ్మాయ్

శనివారం పొద్దున్న వంటింట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. నేల మీద పరిచిన పాత దుప్పటి నిండా టమాటాలే. వాటి మధ్య చిన్న పీట వేసుకుని కూర్చున్న అత్తయ్య ఒక్కో పండునీ బొటనవేలితో నొక్కి చూసి వేరు చేస్తోంది. పగిలినవి ఇవాళ్టి గిన్నెలోకి, గట్టివి రెండు రోజులాగి, మచ్చ పడ్డవి బయటికి. వేసవిలో విరగపండిన టమాటాలు తెచ్చి, ఉడికించి, గుజ్జు తీసి సీసాలకెత్తడం ఆవిడకి ముప్పై ఏళ్ల అలవాటు. మళ్లీ వేసవి దాకా ఇంటిల్లిపాదికీ ఆ సీసాలే.

కొడుకు టీ కప్పుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. ఉన్న ఓర్పంతా అక్కడే ఖర్చు పెట్టేసి ఇంటికి ఖాళీ చేతులతో వస్తాడు.

"అమ్మా, ఈ ఏడాది వద్దన్నానా లేదా?"

"అన్నావురా. బండి గుమ్మంలోకే వచ్చింది. ఈ ఎరుపు చూశాక వదలబుద్ధి కాలేదు."

"ఉడుత రెండు రోజులు వాంతులు చేసుకున్న సంగతి అప్పుడే మర్చిపోయావా?"

ఉడుత అంటే ఏడేళ్ల మనవరాలు. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పేరు ఖాయమైంది. కిందటి నెల నానమ్మ పాత సీసా ఒకటి తెరిచి కూర వండింది. ఆ పూట అందరికంటే ముందు తిన్నది పిల్లే. సీసాలో గుజ్జు పాడైందని డాక్టరు చెప్పాడు. పిల్ల కోలుకుంది, మూడో రోజుకే మంచాల మీద గెంతింది. కోలుకోనివి ఇంట్లోవాళ్ల మనసులే.

"ఆ మూత తీస్తే వీధి చివరిదాకా కంపు కొట్టి ఉండాలి. అలా ఎలా వండేశావమ్మా? కూరల్లో ఉప్పు కూడా ఓ రోజు ఉంటోంది, ఓ రోజు ఉండట్లేదు. వయసైంది. ఒప్పుకోవడానికి నామోషీ ఎందుకు? సోమవారం నుంచి వంటమనిషి వస్తుంది, మాట్లాడేశాను."

అత్తయ్య చేతిలో టమాటా చేతిలోనే ఉండిపోయింది. "వంటమనిషా? మరి నేనేం చెయ్యాలి?"

"హాయిగా టీవీ చూసుకో."

ఆవిడ కోడలివైపు చూసింది. సింకు దగ్గర సీసాలు కడుగుతున్న కోడలు తల తిప్పలేదు. కొడుకు విసురుగా హాల్లోకి వెళ్లిపోయాడు. అయినా అత్తయ్య పొయ్యి వెలిగించింది. కొన్న పళ్లు ఏం చెయ్యాలి, పారబోస్తారా ఎవరైనా!

కోడలి సంగతి కొంత చెప్పాలి. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫ్రేము వెనక్కి పంపేస్తుంది. ఇంట్లో మాత్రం గోడంత తేడా కనిపించినా నోరు విప్పదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "కూరలో ఉప్పు తగ్గిందత్తయ్యా" అంది. అత్తయ్య మూడు రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. ఆ దెబ్బతో ఆమెకి జ్ఞానోదయమైంది. అప్పటినుంచి ఏం పెట్టినా, ఎలా ఉన్నా, "బాగుందత్తయ్యా". ఎనిమిదేళ్లుగా ఇంట్లో గొడవల్లేవు.

అయితే ఏడాదిగా కొత్త తద్దినం మొదలైంది. రోజూ పొద్దున్నే అత్తయ్య గరిటె పట్టుకుని పిలుస్తుంది, "కాస్త రుచి చూడమ్మాయ్!" అని. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు? పరీక్ష పెడుతోంది, ఇంకేముంది! కోడలు నాలుక చివర అంటీఅంటనట్టు తగిలించి అదే జవాబు చెప్పేది.

ఆ ఆలోచనల్లో ఉండగా ఏదో మాడిన వాసన ముక్కుకి తగిలింది. కోడలు వెనక్కి తిరిగింది. అత్తయ్య గిన్నె మీదికి వంగి మరీ కలుపుతోంది. పొగ ఆవిడ ముఖానికే కొడుతోంది.

"ఎంత బాగా దగ్గరపడుతోందో చూడు" అంది అత్తయ్య సంబరంగా.

కోడలు ఒక్క అంగలో వచ్చి పొయ్యి ఆర్పేసింది. "అడుగంటి మాడిపోయిందత్తయ్యా! మీకు వాసన రావట్లేదా?"

"ఆ, వస్తోంది... ఇప్పుడే..." అత్తయ్య గరిటెతో అడుగు గీరి చూసింది. నల్లటి పెచ్చులు పైకి లేచాయి. ఆవిడ ముఖంలో రంగు పోయింది.

"నిజం చెప్పండత్తయ్యా."

గరిటె గిన్నెలోనే వదిలేసి, పీట మీద కూలబడింది అత్తయ్య. "పోయినేడు జ్వరం వచ్చింది చూడు, దాంతోనే పోయింది. వాసన లేదు, రుచీ లేదు. ఏం తిన్నా నోట్లో మట్టే."

"ఏడాదిగానా! చెప్పలేదేం?"

"చెప్తే పొయ్యి దగ్గరి నుంచి లేపేస్తారుగా. ఈ ఇంట్లో నాకున్నది ఈ పొయ్యొక్కటే. నీ నాలుక ఉందిలే అనుకున్నాను. అందుకే రోజూ నిన్ను పిలిచేది. నువ్వు బాగుందంటే దించేదాన్ని."

కోడలికి ఉప్పు ఎక్కువైన రోజులు గుర్తొచ్చాయి. పులిసిన పాలు గుర్తొచ్చాయి. అన్నిటికీ తను ఇచ్చిన జవాబు ఒక్కటే.

"ఆ సీసా రోజు కూడా..." అంది అత్తయ్య. "మూత తీశాక రంగు చూసి అనుమానమొచ్చింది. ఒకసారి వచ్చి చూడమ్మాయ్ అని పిలిచాను."

కోడలికి ఆ ఉదయం కళ్లముందు నిలిచింది. దుకాణానికి ఆలస్యమవుతోంది. అద్దం ముందు జడ వేసుకుంటోంది. వంటింట్లోంచి పిలుపు వినబడింది. కాలు కదపలేదు. గదిలోంచే కేకేసింది, "బాగుందత్తయ్యా!" అని.

చూడలేదు. వాసనైనా చూడలేదు. తన కూతురు తినే కూర.

"నన్ను క్షమించండత్తయ్యా" అంటూ కింద కూలబడి, టమాటాల మధ్యే భోరున ఏడ్చేసింది. "మీరు పరీక్ష పెడుతున్నారనుకున్నాను. నేను ఆ రోజు అక్కడికి రానే లేదు."

"అయ్యో, నేను నిన్నేమీ అనట్లేదు కదే. తప్పు నాది. కొత్తలో ఉప్పు తగ్గిందన్నందుకు నీ మీద మూడు రోజులు చిటపటలాడాను. ఇక నువ్వు నిజమెందుకు చెప్తావు?" అత్తయ్య కొంగుతో కోడలి కళ్లు తుడవబోయి, కొంగుకి టమాటా రసం ఉందని చూసుకుని చేత్తోనే తుడిచింది.

హాల్లోంచి ఈ మాటలన్నీ వింటున్న కొడుకు, ఏడుపు వినగానే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు భర్తవైపు తిరిగి, "ఏవండీ, కోప్పడాలంటే నన్ను కోప్పడండి. అత్తయ్యని కాదు" అంది.

అతను ఎవర్నీ కోప్పడలేదు. తల్లి ముందు చతికిలబడి, "జ్వరం తగ్గిందన్నావని సరే అనేసి వెళ్లిపోయాను. ఇంకేమైనా పోయిందా అని అడగనేలేదమ్మా" అన్నాడు. "సోమవారం సెలవు పెట్టి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. వంటమనిషిని వద్దని చెప్పేస్తాలే." తర్వాత ఏం చెయ్యాలో తోచక కత్తి తీసుకుని టమాటాలు తరగడం మొదలెట్టాడు. ముక్కలు ఒకటి కొండంత, ఒకటి గోరంత.

"లిఫ్టు బిగించినట్టు తరుగుతున్నావేంరా, మెల్లిగా!" అంది తల్లి. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

మాడిన గిన్నె నానబెట్టి, రెండో గిన్నె ఎక్కించారు. ఈసారి కోడలు పక్కనే నిలబడింది. దగ్గరపడటం కంటితో, మరుగు మారడం చెవితో అత్తయ్య చెప్పేది. వాసన, రుచి కోడలు చెప్పేది. నిమ్మరసం కలిపి, వేడి సీసాల్లో నింపి, మూతలు బిగించి, నీళ్లలో మరిగించి గట్టు మీద వరసగా పెట్టారు. చల్లారే కొద్దీ మూత లోపలికి లాక్కుని టక్కుమంటుంది. అలా అన్న సీసా పదిలమైనట్టు. ఉడుత గట్టు ముందు బాసింపట్టు వేసుకుని లెక్కపెట్టింది. పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం పుట్టాక అదే మొదలు.

"పదకొండే అయ్యాయి నానమ్మా!"

"పన్నెండోది నువ్వు తుమ్మినప్పుడు అయింది. విన్నాను" అంది నానమ్మ. నొక్కి చూస్తే నిజమే.

సోమవారం పొద్దున్న మళ్లీ హడావుడి. కోడలు సగం జడతో అద్దం ముందు ఉండగా వంటింట్లోంచి పిలుపు వచ్చింది. "కాస్త రుచి చూడమ్మాయ్!"

దువ్వెన జుట్టులోనే గుచ్చుకుని వెళ్లింది కోడలు. గరిటె అందుకుని, ఊది, నిండుగా నోట్లో పెట్టుకుంది. అత్తయ్య ఆమె ముఖంలోకే చూస్తోంది. ఎనిమిదేళ్ల అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"బాగాలేదత్తయ్యా. ఉప్పు కషాయంలా ఉంది."

అత్తయ్య ముఖం ముడుచుకోలేదు. కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"అమ్మయ్య, బతికించావు" అంది. గ్లాసుతో నీళ్లు తెచ్చి గిన్నె మీద వంచబోతూ కోడలివైపు చూసింది. "చెప్పు, ఎంత పొయ్యను?"