పై కొమ్మ మీది గొంతు

నేల మీద నిలబడి పనిచేసేవాళ్ళెవరూ చిటారు లెక్కలో మనుషులు కారు.

చెట్లెక్కి కొమ్మలు కోసే ఆ పెద్దమనిషిని అందరూ చిటారు అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. అరవై నాలుగేళ్ళు నిండినా చిటారుకొమ్మ తప్ప ఆయన కంటికి ఇంకేదీ ఆనేది కాదు. నిచ్చెన వేసుకునేవాడు చవట. మిషన్ రంపం పట్టేవాడు సోమరిపోతు. ఇక కింద నిలబడి, పడిన కొమ్మలు ఏరేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన ఖర్మ కొద్దీ ఆ ఏరేవాడు సొంత బావమరిదే. ముప్ఫై ఏళ్ళుగా తాడు కొస పట్టుకుని, పైకి చూసి చూసి మెడ పట్టేసిన మనిషి. చిటారు ఆయన్ని పేరుతో పిలిచిన పాపాన పోలేదు. "ఒరేయ్ కిందోడా" అనేవాడు.

పోయిన నెల చిటారు ఒక చెట్టు సగంలో ఊపిరందక ఆగిపోయాడు. నిచ్చెన వేసి దింపారు. అది వాళ్ళకి పనులు అప్పగించే మేనేజరమ్మ కంట పడింది. ఆవిడ ఆయన కూతురి కంటే రెండేళ్ళు చిన్నది. కోప్పడలేదు. స్కూలు వెనకాల జామాయిల్ చెట్టొకటి తరగతి గదుల మీదికి వాలింది, దాన్ని ఎవరి సాయం లేకుండా ఎక్కి, పని చూసుకుని దిగితే ఇంకో ఏడాది ఎక్కనిస్తానంది. లేదంటే బావమరిది పక్కన నిలబడి కొమ్మలు ఏరాలంది. అలా ఏరుకు బతికేకంటే పడి చావడం నయమని చెప్పి వచ్చేశాడు చిటారు. మాటకేం, ఎన్నైనా అంటాడు. రాత్రిళ్ళు కుడి భుజం కింద దిండు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదన్న సంగతి భార్యకొక్కదానికే తెలుసు.

సెలవురోజు పొద్దున్న ఏడింటికి మేనేజరమ్మతో కలిపి ముగ్గురూ చెట్టు కిందికి చేరారు. పెద్ద కొమ్మ మీదుగా ముందురోజే తాడు వేసి ఉంచారు. ఆ పొద్దున మాత్రం పొగమంచు దిగింది. రెండు నిలువుల ఎత్తు దాటితే చెట్టు లేదు, తాడు లేదు, అంతా తెలుపే. మంచు విడేదాకా ఆగుదామని మేనేజరమ్మ అంటే, కొమ్మ కోయడానికి కళ్ళెందుకని చిటారు నవ్వాడు.

ఎక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. కోసే ముందు పైవాడు "కింద?" అని అరవాలి. ఎవరూ లేకపోతే కిందివాడు "ఖాళీ" అనాలి, ఉంటే "ఆగు" అనాలి. జవాబు రాందే రంపం కదలకూడదు.

పైకి పోయేకొద్దీ కింది మాటలు సన్నగిల్లాయి. తడి బెరడు చేతికి చర్మంలా ఊడి వస్తోంది. ఆకుల ఘాటు తలనొప్పి మందులా ముక్కుకి పట్టేసింది. భుజం సలపరం మొదలైంది. సగం ఎత్తులో కాళ్ళు బిగించి, దమ్ము తీసుకుంటున్నాడు. ఎవరూ చూడని చోట ఆయనా అందరిలాంటి ముసలాయనే.

అప్పుడు పైన కొమ్మ కిర్రుమంది. మనిషి బరువు మారినప్పుడు వచ్చే చప్పుడు.

చిటారుకి ఒళ్ళు మండిపోయింది. మేనేజరమ్మ తన మీద నమ్మకం లేక, వెనకనుంచి నిచ్చెన వేసి, ఇంకొకణ్ణి ఎక్కించిందన్నమాట. అరిస్తే కింద వినిపిస్తుంది, పరువు పోతుంది. అందుకే గొంతు తగ్గించాడు.

"ఎవడ్రా అది? దిగు."

పైన ఎవరో అరచేతుల్లో ఉమ్మి, రుద్దుకున్న చప్పుడు. రంపం పట్టేముందు ఆయన కూడా అలాగే చేస్తాడు.

"కింద?"

ఆ గొంతు విని చిటారు చేతులు తాడు మీదే బిగుసుకుపోయాయి. అది తన గొంతే. ఇప్పటిది కాదు, ముప్ఫై ఏళ్ళ కిందటిది... ఖంగుమనే గొంతు. ఆ ఒక్క మాటలో ఎంత ఏవగింపు ఉందో ఆయనకి ఆ పొద్దున్నే తెలిసింది. కాలికంటిన బురద గురించి అడిగినట్టుంది. ఇన్నేళ్ళలో ఆ పిలుపు ఆయన కింద ఉండి వినలేదు మరి.

మంచులోంచి బావమరిది, ఎప్పటిలాగే, తడుముకోకుండా జవాబిచ్చాడు.

"ఖాళీ."

రంపం కదిలింది. నిదానంగా, నిండుగా, ఎక్కడా ఆగకుండా. మంచి భుజం ఉన్నవాడి కోత. తడి రంపపు పొట్టు చిటారు కనురెప్పల మీద, పెదాల మీద రాలింది. చేదుగా ఉంది... పచ్చిగా ఉంది. ఆయన్ని మోస్తున్న తాడు సన్నగా వణుకుతోంది. కోస్తున్నది ఆ కొమ్మనే... తాడు వేసిన కొమ్మనే.

"ఒరేయ్... నేనిక్కడున్నాను..." అన్నాడు. గొణుగుడులా వచ్చింది.

రంపం ఆగలేదు. వాడికి వినిపించింది. వినిపించే కోస్తున్నాడు. ఒక్క మాటకి తప్ప ఆ రంపం ఆగదు. అది కిందివాళ్ళ మాట. ఆయన నోట ఎన్నడూ రాని మాట. అది అంటే మేనేజరమ్మ వింటుంది, ఎక్కే రోజులు అయిపోతాయి. తాడు మళ్ళీ వణికింది. కొమ్మ లోపల ఎక్కడో నార తెగింది...

"ఆగు!"

ఆగింది.

చిటారు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. నేల మీద కూలబడి, నడుముపట్టీ విప్పేశాడు. రేపట్నించి తను కిందే ఉంటానని మేనేజరమ్మతో చెప్పేశాడు. అడక్కుండానే. సిగ్గుతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావమరిది మంచినీళ్ళు అందించి, పక్కన గొంతుకూర్చున్నాడు. ఎగతాళి చేస్తే బాగుండుననిపించింది చిటారుకి. ఆ మనిషి మెల్లగా అడిగాడు.

"పైన నీతో ఇంకెవరున్నారు బావా?"

"నువ్వూ విన్నావా?"

"'కింద?' అన్నది నువ్వు కదా. నీ గొంతు నాకు తెలీదా. తరవాత 'ఆగు' అని అరిచిందెవరు? ఎవరో ముసలాయన గొంతు."

చిటారు నోరు విప్పేలోపే, మంచులోంచి మళ్ళీ వచ్చింది.

"కింద?"

ముగ్గురూ విన్నారు. మేనేజరమ్మ చిటారు వంక చూసింది. ఆయన పెదాలు కదల్లేదు. బావమరిదికి మాత్రం ముప్ఫై ఏళ్ళ అలవాటు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేలోపే మాట జారిపోయింది.

"ఖాళీ."

రంపం నాలుగుసార్లు ఆడింది. కొమ్మ ఫెళ్ళుమని విరిగింది. ముగ్గురూ గోడ వైపు పరిగెత్తి, తలల మీద చేతులు పెట్టుకున్నారు.

ఏమీ పడలేదు. ఒక్క ఆకు కూడా.

గంట తరవాత మంచు విడింది. చెట్టు మీద ఎవరూ లేరు. పెద్ద కొమ్మ ఉండాల్సిన చోట గుండ్రంగా, తెల్లగా, కొత్త కోత. నేల మీద కొమ్మ లేదు. తాడు ఆ కోత పక్కన, దేన్నీ పట్టుకోకుండా, గాలిలోంచి నిటారుగా వేలాడుతోంది. దాన్ని ముట్టుకోవడానికి ముగ్గురిలో ఎవరికీ చేతులు రాలేదు. వాళ్ళు చూస్తుండగానే, నేల మీద చుట్టగా పడున్న దాని కొస మెల్లగా, జానెడు జానెడుగా, పైకి పోతూ ఉంది.