మూలింటి గోడలో గొంతు

దెయ్యాలూ భూతాలూ చిన్నల్లుడి పేరు వింటే పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోతాయట. ఈ ముక్క చెప్పింది చిన్నల్లుడే. చెప్పేటప్పుడు మాత్రం రెండు కాళ్ళూ మంచం మీదికి లాక్కుని కూర్చున్నాడు — కింద బొద్దింక తిరుగుతోందని.

సరే, ముందు ఆ ఇంటి సంగతి.

వీధి చివర, మూల మీద ఉంటుంది. పగలు చూస్తే ఏముంది, ఇల్లే. రాత్రయితేనే... అందులో అద్దెకు దిగినవాళ్ళెవరూ నిలదొక్కుకోలేదు. ఒకాయన సామాను సర్దకుండానే వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ అన్నీ సర్దుకుంది గానీ బాత్రూమ్‌లో బకెట్టు వదిలేసింది. దాని కోసం మళ్ళీ లోపలికి వెళ్ళమంటే, "అది దానికే ఉంచండి" అందట.

అందరిదీ ఒకటే మాట. ఊరు సద్దుమణిగాక ఆ ఇంట్లో గోడ మూలుగుతుంది. తర్వాత లోపల్నించి ఎవరో కొడతారు. ఆ తర్వాత... ఆడగొంతు.

ఏమంటుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. మాట మార్చేస్తారు.

అలాంటి ఇల్లు కొన్నాడు చిన్నల్లుడు. కొనక ఏం చేస్తాడు పాపం? పెళ్ళయినప్పట్నుంచీ తోడల్లుడింట్లో మేడ మీద గదిలో కాపురం. పెద్దల్లుడు మంచివాడే. కాకపోతే ఆ మంచితనాన్ని పూటపూటా గుర్తు చేస్తుంటాడు. "ఫ్యాను ఆపలేదా తమ్ముడూ? పర్లేదులే, తిరగనీ." ఆ 'పర్లేదులే' వినీ వినీ చిన్నల్లుడికి ఫ్యాను కింద కూడా చెమట పట్టేది.

కొన్న ఇంటిని బాగుచేయించాడు. బాగుచేయించడమంటే ఆయన లెక్కలో కంటికి కనబడేవి మార్చడం. నల్లగా నిగనిగలాడే టైల్స్. మనిషెత్తు అద్దం. వానలా కురిసే షవరు. హాల్లో కొత్త అద్దాల బీరువా. బాత్రూమ్ తలుపు బయటికి తెరిస్తే ఆ బీరువాకి తగులుతోందని, వడ్రంగి చేత దాన్ని పీకించి లోపలికి తెరుచుకునేలా పెట్టించాడు.

"ఏవండీ," అంది భార్య, "ఎలాగూ గోడలు పగలగొడుతున్నారు కదా, లోపలి పైపులు కూడా మార్పించెయ్యండి. ఎప్పటివో ఇనప పైపులు."

"గోడలో ఉన్న పైపుని ఎవరు చూస్తారే?"

"చూడరు. వాడతారు."

ప్లంబరు కూడా బుర్ర గోక్కున్నాడు. "ఈ పైపులు ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతున్నాయో నాకే అంతుపట్టట్లేదు సార్. మార్చేద్దామా?" చిన్నల్లుడు అతని భుజం తట్టి, "నువ్వు కొత్త కుళాయిలు బిగించు, చాలు" అన్నాడు. ఇంటికొచ్చి భార్యతో మాత్రం, "పైపులు రాయిలా ఉన్నాయి, ముట్టుకోవద్దని ప్లంబరే చెప్పాడు" అన్నాడు.

అంతా పూర్తయ్యేసరికి ఇంటి పేరుప్రతిష్ఠలు భార్య చెవిన పడ్డాయి.

"ఒక్క రాత్రి మీరొక్కరే అక్కడ పడుకుని రండి," అంది. "ఏమీ లేదంటే పొద్దున్నే సర్దడం మొదలెడతాను. మధ్యలో లేచి వచ్చేశారా... ఇక ఆ ఇంటి ఊసెత్తొద్దు. బావగారింట్లోనే ఉందాం."

పెద్దల్లుడు పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "వీధి తలుపు గడియ పెట్టనులే తమ్ముడూ. ఏ వేళకొచ్చినా పర్లేదులే."

ఆ మాటతో చిన్నల్లుడు చాప చంకన పెట్టుకుని బయల్దేరాడు.

ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేశాడు. బీరువాలో దీపం కూడా. చీకటికి భయపడి కాదట — కొత్త వైరింగు ఎలా ఉందో చూద్దామని. హాల్లో చాప పరిచి, దుప్పటి ముసుగు పెట్టాడు. వీధిలో కుక్క అరిచింది... ఊరుకుంది. ఎవరిదో కిటికీ మూసుకుంది. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

ఏమీ లేకపోవడమే ఎక్కువైంది.

చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి, ఎంతటి మొనగాడైనా లేవాల్సిన అవసరమొకటి ఉంటుంది కదా — లేచాడు. ఫోను చాప మీదే వదిలేసి బాత్రూమ్‌లోకి వెళ్ళి, అలవాటు కొద్దీ తలుపు మూశాడు.

పని ముగించుకుని చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు.

అప్పుడు...

ఊఁ... ఊఁఁ...

గోడ మూలిగింది. టైల్స్ వెనకాల, సరిగ్గా ఆయన మోకాలి దగ్గర మొదలై, నడుం దాకా పాకి, భుజం దగ్గరికొచ్చి ఆగింది.

చిన్నల్లుడూ ఆగాడు. ఊపిరి కూడా ఆపాడు.

ఠక్. ఠక్ ఠక్. ఠక్ ఠక్ ఠక్ —

లోపల్నించి ఎవరో కొడుతున్నారు. బయటికి రావాలని.

కొత్త కుళాయి ఒక్కసారి దగ్గింది. మనిషి దగ్గినట్టే. దగ్గి, ఎర్రగా, చిక్కగా కక్కింది. తెల్లటి సింకు నిండా ఎరుపు.

ఆయన గోడకి అతుక్కుపోయాడు. గోడే మూలుగుతోందని గుర్తొచ్చి విడివడ్డాడు. సరిగ్గా అప్పుడే, పాదాల కిందనుంచి, నీళ్ళు పోయే జాలీలోంచి, మెల్లిగా...

"వచ్చావా..."

ఆడగొంతు.

"ఇంతసేపూ ఎక్కడికి పోయావు... నీ కోసమే కూర్చున్నా..."

చిన్నల్లుడు ఒక్క గెంతులో తలుపు దగ్గర పడ్డాడు. పిడి పట్టుకుని తోశాడు. కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. అబ్బే. అవతలి వైపు నుంచి ఎవరో పట్టుకున్నారు!

"రా... రా... ఇవాళ నిన్ను పోనివ్వను..."

అక్కడే చతికిలబడి, జాలీకి రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ... నన్నొదిలెయ్," అన్నాడు ఏడుపు గొంతుతో. "పైపులు మార్చమని మా ఆవిడ చెప్పింది. నేనే వినలేదు. ప్లంబరు వద్దన్నాడని అబద్ధం కూడా చెప్పాను... షవరు మోజులో పడ్డాను తల్లీ... బుద్ధొచ్చింది..."

కింద గొంతు ఠక్కున ఆగిపోయింది.

తర్వాత ఏదో దబ్బున పడ్డ చప్పుడు. దొర్లిన చప్పుడు. ఆ తర్వాత... నిశ్శబ్దం.

తెల్లారేదాకా తలుపుని తోస్తూనే ఉన్నాడు. చివరికి ఒంట్లో శక్తంతా అయిపోయి, పిడి పట్టుకునే వెనక్కి కూలబడ్డాడు. తలుపు దానంతటదే తెరుచుకుంది. దెయ్యాలు పగలు పనిచేయవు కదా, అనుకున్నాడు.

భార్యా, పెద్దల్లుడూ వచ్చేసరికి హాల్లో తల దువ్వుకుని కూర్చుని ఉన్నాడు.

"నిద్ర పట్టిందా?" అడిగింది భార్య.

"మొద్దునిద్ర. చీమ చిటుక్కుమంటే ఒట్టు."

పెద్దల్లుడు ఇల్లంతా కలయజూశాడు. ఏమీ దొరకలేదు. ఆయన నోట 'పర్లేదులే' రాకుండా గడిచిన మొదటి పొద్దు అదే. భార్య కళ్ళు మెరిశాయి. "అయితే ఇవాళే సర్దేస్తాను."

అంతలో పక్కింటి మామ్మగారు వచ్చింది. చేతిలో బట్టల సంచి.

"అమ్మాయ్, మీ ఇంటిని ఆడిపోసుకుంటారు గానీ, ఉన్నది మీ ఇంట్లో కాదమ్మా. నా ఇంట్లో. నేను మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. ఇంక తిరిగి రాను."

భార్య ఆవిడని కూర్చోబెట్టింది. "ఏమైంది మామ్మగారూ?"

"ఈ వీధిలో నీళ్ళు రాత్రే కదమ్మా వస్తాయి. రోజూ లేచి, బాత్రూమ్‌లో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుంటా. నీళ్ళు రాగానే... నవ్వకు, ఒంటిదాన్ని, దాంతోనే నాలుగు మాటలాడుకుంటా. వచ్చావా, ఇంతసేపూ ఎక్కడున్నావు అని. రాత్రీ అలాగే అంటున్నానా... జాలీలోంచి మగ ఏడుపు! బకెట్టు వదిలేసి పరిగెత్తా."

పెద్దల్లుడు ముందుకు వంగాడు. "ఏమని ఏడ్చాడు?"

"పెళ్ళాం పైపులు మార్చమందట. వినలేదట. పైగా అబద్ధం చెప్పాడట. ఏ కాలంలోనో భార్య మాట పెడచెవిన పెట్టి పోయినవాడు నాయనా. ఇప్పటికీ శాంతి లేదు."

భార్య మెల్లిగా చిన్నల్లుడి వైపు తిరిగింది.

"ఆ పోయినాయన... షవరు గురించి ఏమైనా అన్నాడా మామ్మగారూ?"

"అన్నాడమ్మా. దాని మోజులోనే పోయాడట."

చిన్నల్లుడు సీలింగు కేసి చూశాడు. నోరు మూసుకుంటే గెలుపు తనదే. ఇల్లు తనది, మేడ మీది గదికి సెలవు. కానీ ఆవిడ సంచి ఇంకా ఒళ్ళోనే ఉంది. ఉన్న ఒక్క ఇంటినీ వదిలి పోతోంది, తన ఏడుపుకి జడిసి.

"మామ్మగారూ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఆ పోయినవాణ్ణి... నేనే."

ప్లంబరు వచ్చి టైల్స్ పగలగొట్టాక అసలు సంగతి బయటపడింది. ఒకప్పుడు రెండిళ్ళూ ఒక్కటే. పంచుకున్నప్పుడు మధ్యలో గోడ కట్టారు గానీ, పైపుల్ని ఎవరూ పంచలేదు. వచ్చే నీళ్ళకీ ఒకటే దారి, పోయే నీళ్ళకీ ఒకటే దారి. రాత్రి నీళ్ళొదలగానే పైపులో గాలి మూలుగుతుంది, వదులు పైపు గోడకి కొట్టుకుంటుంది, పట్టిన తుప్పు ఎర్రగా ఊడి వస్తుంది. ఇల్లు తరచూ ఖాళీగా పడి ఉండటంతో జాలీ కింద అడ్డుగా నిలవాల్సిన నీళ్ళు ఎండిపోయి, ఆ గొట్టం రెండు బాత్రూములకీ టెలిఫోనైంది.

మామ్మగారు సంచి లోపల పెట్టేసింది. భార్య మాత్రం, "పైపులు మారాకే సర్దేది" అంది. "ఇంకేమైనా దాచారా?"

"అబ్బే."

అంటే అప్పటిదాకా మేడ మీది గదే. ఆ రాత్రి భోజనాల దగ్గర 'పర్లేదులే' కోసం చిన్నల్లుడు తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. కానీ పెద్దల్లుడి గొంతులో ఎన్నడూ లేని మర్యాద.

"ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి తమ్ముడూ. అంత భయంలోనూ గది దాటి పరిగెత్తలేదు. నావల్లయితే అయ్యేది కాదు."

చిన్నల్లుడి ఛాతీ కాస్త పొంగింది. నీళ్ళగ్లాసు అందుకోబోయి, చెయ్యి ఎత్తలేక "అబ్బా" అన్నాడు.

భార్య చొక్కా పక్కకి జరిపి చూసింది. భుజమంతా కమిలి, వంకాయ రంగుకి తిరిగి ఉంది.

"ఇదేమిటండీ?"

చిన్నల్లుడు పళ్ళెంలోకి చూశాడు. పెద్దల్లుణ్ణి చూశాడు. మళ్ళీ పళ్ళెంలోకే చూశాడు.

"తలుపు," అన్నాడు చిన్నగా. "రాత్రంతా బయటికి తోశాను. లోపలికి లాగేలా పెట్టించింది నేనేనని... గుర్తు రాలేదు."