ఆరు తాళాలు, ఒకటే తాళంచెవి

2008 మే. ఉదయం రాయచోటి బస్టాండులో గోపన్నను కాల్చి చంపారు. మధ్యాహ్నం రెండుకు కర్నూలులో ఏజెంట్ మహానంది నిఘా విభాగం చీఫ్ ముందు నిలబడ్డాడు.

చీఫ్ రాఘవేంద్రప్రసాద్ కూర్చోమనలేదు. "విదేశీ ఆయుధాల ముఠా మీద మనకు ఆరుగురు ఇన్ఫార్మర్లు. కర్నూలు, కడప, రాయచోటి కంప్యూటర్లలో ఆరు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ మాదిరి. ఒక్కోదాంట్లో ఒక్క పేరు. నిన్న గోపన్న పేరుండేదాన్ని తెరిచినారు. ఎవరి కీతోనో తెలుసునా?"

"ఎవరిది సార్?"

"నీది."

మహానంది ల్యాప్‌టాప్ బయటికి తీస్తుండగానే చీఫ్ చెప్పుకుపోయాడు.

"ఫోన్ ట్యాప్‌లో విన్నాం. ఈ పొద్దు మూడుకు రెండోది తెరుస్తారంట. దాంట్లో కాశన్న పేరుండాది. కల్లూరులో షేర్ ఆటో తోలుతాడు. ఇప్పుడు యాడ తిరుగుతాండాడో! వానికి సెల్ కూడా లేదు."

జీపు కల్లూరు దారి పట్టింది. మహానంది ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని స్క్రిప్ట్, అంటే ఒక చిన్న ప్రోగ్రామ్, రాస్తూ తనను తాను తిట్టుకున్నాడు. దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్సెస్‌హెచ్ లాగిన్‌లో పబ్లిక్ కీ తాళం లాంటిది, ఎన్ని మెషీన్లకైనా బిగించొచ్చు; దాన్ని తీసేస్తే ఇక ఆ చెవికి తలుపు తెరుచుకోదు. ప్రైవేట్ కీ దాని తాళంచెవి, సొంతదారు దగ్గరే ఉండాలి. ఈ పెద్దమనిషి ఆరింటికీ ఒకే తాళం బిగించి, చెవిని కల్లూరు ఆఫీసులో తను వాడే మరో వర్చువల్ మెషీన్‌లో వదిలేశాడు; ఇప్పుడు ఆరింట్లోకీ వెళ్లాలన్నా అక్కడికే పోవాలి. ఆ చెవికి పాస్‌ఫ్రేజ్, అంటే వాడిన ప్రతిసారీ కొట్టాల్సిన రహస్య వాక్యం, కూడా పెట్టలేదు. 'రోజుకు యాభైసార్లు కొట్టాలంటే వేళ్లు పడిపోవా?' అని ఆ ఆఫీసు చూసుకునే తోటి ఏజెంట్ ప్రణీత నవ్వింది, ఇతగాడు కరిగిపోయాడు. వర్చువల్ మెషీనంటే మొత్తం ఒక్క ఫైలు. దాన్ని కాపీ చేస్తే చెవి కూడా వెంటే పోతుంది. ఆ మెషీన్ దగ్గరికి వెళ్లేది తను కాక ప్రణీత ఒక్కతే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ చేతికి చెవి అందించిన వెధవను ఏమంటారో!

కల్లూరులో డిపార్ట్‌మెంటు ఆఫీసు పైకి చీరల హోల్‌సేల్ దుకాణం. మహానంది వ్యాపారి వేషంలో సంచి చంకన పెట్టుకుని దిగేసరికి రెండూ యాభై మూడు.

"పెన్నలో నీళ్లుండాయా?" కౌంటర్ వెనక నుంచి ప్రణీత కోడ్ అడిగింది.

"ఇసుక ఉండాది."

"ఏమి, ఇంత ఎండలో వచ్చినావు?"

"బ్యాకప్ తీసుకోవాల."

పెన్ను క్యాప్ తీసి, లోపలున్న, స్క్రిప్ట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను కౌంటర్ పక్కనున్న కంప్యూటర్‌కు గుచ్చాడు. ప్రతి మెషీన్‌లోకీ వెళ్లి తన పబ్లిక్ కీ లైను చెరిపేయడమే స్క్రిప్ట్ పని. మొదట కాశన్న మెషీన్. అది కడపలో ఉంది, నెట్ నత్తనడక నడుస్తోంది. రెండూ యాభై తొమ్మిది. ప్రణీత టీ గ్లాసు పెట్టి స్క్రీన్ వైపు వంగింది.

'ఓకే' పడింది. మిగతా అయిదూ చకచకా అయిపోయాయి.

సరిగ్గా మూడుకు ఆమె సెల్ మోగింది, ఎత్తింది. అవతల ఎవరో ఇంగ్లీషులో అరుస్తున్న అరుపు మహానందికి కూడా వినిపించింది: "పర్మిషన్ డినైడ్! పర్మిషన్ డినైడ్!"

ప్రణీత చీరల మడతల్లోంచి పిస్టల్ లాగింది. మహానంది వెంట జీపులో వచ్చి, కొనేవాడిలా చీరలు తిరగేస్తున్న కానిస్టేబుల్ బసవన్న ఆమె చేయి ఒడిసి పట్టుకున్నాడు.

"గోపన్నను ఎందుకు చంపించినావు?" మహానంది అడిగాడు.

"చంపింది మావాళ్లే. చెవి ఇచ్చింది మాత్రం నువ్వప్పా."

అది నిజం కాబట్టి మరీ మండింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "కాశన్న?"

"బతికుండాడు సార్. ఇప్పుడే షాపు ముందర హారన్ కొట్టుకుంటా పోయినాడు."

"ఆరింట్లోనూ నీ కీ తీసేసినావు. ఇంక నువ్వెట్ల లోపలికి పోతావు?"

"పోలేను సార్. ఇన్నాళ్లలో నేను చేసిన అసలైన సెక్యూరిటీ అదొక్కటే."