బోరు గుంత మాదే

"ఉప్పు తక్కువయింది మే," అంది మహిమ, వేలు నాకి ఒక కన్ను మూసుకుంటూ.

నాగశ్రీ ఇంకాస్త కల్లుప్పు వేసి గుండ్రాయితో మళ్ళీ దంచింది. పచ్చి చింతకాయలు, పచ్చిమిరపకాయలు నల్లటి నాపబండ మీద మెత్తటి ముద్దయ్యాయి. ఇద్దరూ ఐదో తరగతి. ఆదివారం వస్తే నాగశ్రీ వాళ్ళ చేన్లోనే ఉంటారు.

ఆ నాపబండ ఉండాల్సింది అక్కడ కాదు. చేను మధ్యలో నీళ్ళు పడని బోరు ఒకటుంది. నాగశ్రీ నాయన ఓబులేసు దాని కేసింగు పైపు పైకి లాగించి ఇంకో బోరుకు వేయించుకున్నాడు. పైపు పోయింది, గుంత మిగిలింది. ఆ గుంత మీద మూతగా పెట్టిన బండ ఇది. ఎండలో కూర్చోవడం ఎందుకని ఇద్దరూ కలిసి దాన్ని గట్టు మీది తుమ్మచెట్టు నీడకు లాక్కొచ్చారు.

తినడం అయిపోయాక మహిమ లేచి బండ అంచు పట్టుకుంది. "పా, యాడిది ఆడ పెట్టేద్దాం."

"వద్దులే. మళ్ళా ఆదివారం కావాల కదా! ఎన్ని మాట్లు లాగుతాం?"

"గుంత తెరిచి పెడితే ఎట్ల మే?"

"మా చేను, మా బండ. నీకేమే?" అంది నాగశ్రీ.

అయినా ఊరికే రాలేదు. గట్టు మీద పడున్న యూరియా సంచి తెచ్చి గుంత మీద పరిచింది. నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పైన ఇంత మన్ను కూడా చల్లింది. దూరంగా నిలబడి చూస్తే అక్కడ గుంత ఉన్నట్టే తెలియలేదు. నాయన కంట పడితే తిడతాడన్న భయం కూడా తీరిపోయింది.

"చూడు, ఎంత బాగా మూసినానో!" అంది.

మహిమ గుంతకు దూరంగా నడిచి ఇంటి దారి పట్టింది.

మరుసటి రోజు బడి వదిలిన వేళకు ఆ చేన్లో మహిమ నాయన ప్రేమయ్య మేకలు మేస్తున్నాయి. పంట తీసేశాక ఆ చేన్లో మేకలు మేపుకోవడం ప్రేమయ్యకు ఎప్పటినుంచో అలవాటు. మహిమ తమ్ముడు చిన్నోడు, ఇంకా మాటలు సరిగ్గా రాని వాడు, తెల్లచెవుల మేకపిల్ల వెంట పరుగెత్తుతున్నాడు. అది ఆగితే వాడు ఆగుతాడు. అది దూకితే వాడూ దూకుతాడు.

మేకపిల్ల యూరియా సంచి మీదికి దూకింది.

సంచీ లేదు, పిల్లా లేదు. చిన్నోడు గుంత అంచున నిలబడిపోయి, తర్వాత గట్టిగా ఏడ్చాడు. వాడి కాలి చెప్పు ఒకటి అంచు దగ్గరి మెత్తటి మట్టిలో దిగబడి ఉంది.

నాగశ్రీ, మహిమ బడిసంచులతోనే పరుగెత్తారు. వాళ్ళు వచ్చేసరికి ప్రేమయ్య నేల మీద బోర్లా పడుకుని, తాడుకు ఉచ్చు వేసి లోపలికి వదులుతున్నాడు. పక్క చేను బొజ్జన్న ఫోను లైటు పట్టుకున్నాడు. లోపల అంతా చీకటి. కిందినుంచి "మే..." అని ఒక సన్నటి అరుపు వచ్చింది. తల్లిమేక గుంత చుట్టూ తిరుగుతూ దానికి బదులు పలికింది.

ప్రేమయ్య ఎన్నోసార్లు తాడు వేశాడు. లోపలి అరుపు చిన్నదవుతూ వచ్చి ఆగిపోయింది. తల్లిమేక మాత్రం ఆపలేదు.

అప్పటికి బండి మీద ఓబులేసు వచ్చాడు. గుంత వైపు చూశాడు, చిన్నోడి వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. వెంటనే గొంతు పెంచాడు.

"ఈడ బండ పెట్టినా కదా నేను! ఎవురు తీసినారు?"

"బండ ఆ చెట్టు కింద ఉండాదన్నా," అన్నాడు బొజ్జన్న. "గుంత మీద ఎవురో సంచి కప్పినారంట."

"ఏమప్పా ప్రేమయ్యా! కూర్చునేదానికి నువ్వే ఈడ్చుకోని పోయింటావు. నా చేన్లో మేపుకుంటా నా మీదికి తెస్తాండావా?"

"నేను ముట్టలేదన్నా," అన్నాడు ప్రేమయ్య. తాడు చుట్టుకోసాగాడు.

మహిమ నాగశ్రీ వైపు చూసింది. నాగశ్రీ నేల వైపు చూసింది. మహిమ ఆమె పేరు బయటపెట్టలేదు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాగశ్రీ ముందు సంగటి ముద్ద చల్లారిపోయింది. ప్రేమయ్య కొట్టం నుంచి మేక అరుపు వాళ్ళింటి దాకా వినిపిస్తూనే ఉంది. నాగశ్రీ జేజి, అంటే నాయన వాళ్ళమ్మ చెన్నమ్మ, చేతిలో చేట పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది.

"పిల్లను పోగొట్టుకున్న గొంతు వేరే ఉంటాది," అంది జేజి. "ఆకలికి అరిసేది గాదు అది. ఆ చిన్నోడు ఇంకొక్క అడుగు ముందు ఉండింటే, ఈ పొద్దు ఆ గొంతు వాళ్ళమ్మది అయ్యుండేది."

నాగశ్రీ లేచి, చెయ్యి కడుక్కుని, మంచం మీద కూర్చున్న నాయన ముందుకు వెళ్ళింది.

"నాయనా, బండ తీసింది నేను. సంచి కప్పింది కూడా నేనే. ప్రేమయ్య మామ కాదు."

ఓబులేసు ఫోను పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. ఇంత కన్నా పెద్ద బండ తెచ్చి పెడతాలే. మేకపిల్లను ఆత్మకూరు సంతలో ఇంకోటి తెచ్చిస్తా. నువ్వు మాత్రం నోరు మూసుకోని ఉండు. సరేనా?"

నాగశ్రీ సరే అనలేదు.

పొద్దున బడికని బయలుదేరి నేరుగా ప్రేమయ్య ఇంటికి వెళ్ళింది. ప్రేమయ్య మేకలకు రెమ్మలు వేస్తున్నాడు. మహిమ తమ్ముడికి ముఖం కడుగుతోంది. నాగశ్రీ వాకిట్లోనే నిలబడి, లోపలికి రమ్మని పిలవక ముందే చెప్పేసింది.

"మామా, బండ లాగింది నేను. మహిమ మళ్ళా పెడదామనింది, నేనే వద్దన్నా. సంచి కప్పి మన్ను పోసింది కూడా నేనే. నిన్న మా నాయన నిన్ను అంటాంటే నోరు తెరవలేదు."

వీధిలో నీళ్ళకు పోతున్న వాళ్ళు ఆగి విన్నారు. ప్రేమయ్య చేతిలోని రెమ్మ కింద పెట్టాడు.

"చెప్పినావు, మంచిదమ్మా."

"మా నాయన సంతలో ఇంకో పిల్లను తెచ్చిస్తాడంట."

"తెచ్చినా ఇది దగ్గరికి రానీదు. వేరే దాని పిల్లను కాలితో తంతాది." ప్రేమయ్య తల్లిమేక వైపు చూశాడు. "బండ తీసింది తప్పే. అయినా గుంత..." అని ఆగి, వీధిలో వాళ్ళను చూసి మళ్ళీ రెమ్మ అందుకున్నాడు. "బడికి పొద్దు పోతాది, పోమ్మా."

మహిమ తల ఎత్తనే లేదు.

నాగశ్రీకి దారి పొడుగునా ఆ సగం మాటే మెదిలింది. మేకలు మేపుకోవడానికి ఆ చేను తప్ప ప్రేమయ్యకు వేరే లేదు. అందుకే మిగతా సగం మింగేశాడు. మేకలు మేపుకోవాల్సిన అవసరం లేకుండా ఆ మాట అనగలిగేది ఎవరు? తనే.

ఆమె బడి వైపు తిరగలేదు. చేనికి వెళ్ళింది. గుంత చుట్టూ అప్పటికి ఎవరో ముళ్ళకంప వేశారు. ఆ కంప పక్కన, అంచుకు దూరంగా, బడిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఎండ ఎక్కేసరికి ఓబులేసు వచ్చాడు. ట్రాక్టరు ట్రాలీలో ఇంకో నాపబండ ఉంది. వెనకే జేజి ఆయాసపడుతూ నడిచి వచ్చింది. బొజ్జన్న తన చేన్లోంచి చూస్తున్నాడు.

"బడి ఎగ్గొట్టి ఈడేం చేస్తాండావు? లెయ్."

"లెయ్యను. గుంత మూసేయ్ నాయనా."

"మూసేదానికే కదా బండ తెచ్చినా. కండ్లు కనపడ్లేదా?"

"బండ వద్దు. బండ తీసేయొచ్చు. నేనే తీసినా కదా! మన్ను పోసి మూసేయ్."

ఓబులేసు నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. "నీకేం తెలుసు? ఒక మంచి వాన పడితే ఊట రావచ్చు. నీళ్ళు వస్తే ఇంకో పంట పెడతాం. పూడ్చేస్తే మళ్ళా తవ్వాల. ఈ బోరు వేసిన పొద్దు నువ్వు ఒకటో తరగతి. నా భుజం మీద కూర్చోని టెంకాయ కొట్టినావు. మర్సిపోయినావా?"

నాగశ్రీకి గుర్తుంది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు ఆ రోజు. నాయన రాత్రి అన్నం తినలేదు. అయినా నాగశ్రీ లేవలేదు.

"గుర్తుండాది. నీళ్ళు రాలేదు. నిన్న మేకపిల్ల పోయింది. రేపు చిన్నోడు పోతే ఏ సంతలో తెస్తావు నాయనా?"

"ఏం మాటలే అవి!"

"ప్రేమయ్య మామే బండ ఈడ్చుకోని పోయినాడని నువ్వు అన్నావు. నేను బండ తీసినానని ఊరంతా అంటారు. అననీ, తీసినా. నా తప్పు నాదే. కానీ బోరు గుంత మాత్రం మనదే నాయనా. మనదే!"

ఓబులేసు చెయ్యి ఎత్తాడు. నాగశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒళ్ళో సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది, కానీ పక్కకు జరగలేదు.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి జేజి ఇద్దరి మధ్యలో ఉంది. వంగి, రెండు చేతులతో ఇన్ని గులకరాళ్ళు ఎత్తి కొంగులో వేసుకుంటోంది.

"అమ్మా, నీకెందుకు ఇదంతా? నడుం పట్టుకుంటాది," అన్నాడు ఓబులేసు.

"పట్టుకోనీ. నువ్వు నిలబడి చూస్తా ఉండు," అంది జేజి. కంప పక్కకు నెట్టి, కొంగులోని రాళ్ళు గుంతలోకి వదిలింది. అవి దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఓబులేసు గుంత అంచుకు వచ్చి లోపలికి చూశాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత ట్రాక్టరు ఎక్కి, తెచ్చిన బండతోనే వెనక్కి తిప్పాడు. వాగు దగ్గరి నుంచి ట్రాలీ నిండా గరుసు మట్టితో తిరిగి వచ్చాడు.

పార చప్పుడు విని ప్రేమయ్య కూడా వచ్చాడు. ఓబులేసు అతని ముఖం వైపు చూడలేదు. కానీ రెండో పార అతనికి ఇచ్చి, "నిన్న నోరు జారినా ప్రేమయ్యా," అన్నాడు. మట్టి పోసి, నీళ్ళు చల్లి, తొక్కి, మళ్ళీ పోశారు. నాగశ్రీ గంపతో మోసింది. మధ్యాహ్నం బెల్లుకు మహిమ వచ్చి గంపకు రెండో వైపు పట్టుకుంది. మాట మాత్రం మాట్లాడలేదు. నాగశ్రీ కూడా మాట్లాడమని అడగలేదు.

మరుసటి రోజు బడి వదిలాక నాగశ్రీ ఇంటి దారి పట్టలేదు. బొజ్జన్న చేను గట్టు దిగింది. అక్కడా ఒక ఎండిపోయిన బోరు ఉంది, మీద పాత టైరు పెట్టి ఉంది. కొంచెం దూరంలో మహిమ వస్తోంది, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తూ.

కంది చెట్ల మధ్యనుంచి బొజ్జన్న నవ్వాడు. "ఏం పాపా, మీ నాయనకు చెమట పట్టించినావు, ఇప్పుడు నా మీద పడినావా? మీ నాయన పంపినాడా?"

"లేదు మామా. నేనే వచ్చినా."

"టైరు ఉండాది కదమ్మా."

"మా దాని మీద బండ ఉండె."

బొజ్జన్న నవ్వు తగ్గింది. "సరేలే, ఈ వారంలో చూస్తా. పోండి, పోండి, మీ అమ్మోళ్ళు ఎదురు చూస్తాంటారు."

నాగశ్రీ బడిసంచి భుజం మీంచి దించి కింద పెట్టింది. అంచుకు దూరంగా కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"గంప యాడుండాది మామా?" అని అడిగింది.

వెనక నుంచి మహిమ వచ్చి, తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుని, ఆమె పక్కనే కూర్చుంది.