టు-లెట్ ఇంటి ముందు రెండు జతలు

ఆమెను మొదటిసారి చూసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట "దొంగ! దొంగ!" ప్రేమకథలు ఇంతకంటే గౌరవంగా మొదలవుతాయని విన్నాను. నాది ఇలాగే మొదలైంది, ఏం చేయను?

ఖాళీ ఇంటి వెనక తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో తాళం ఊడదీస్తోంది. నా కేకకు ఉలిక్కిపడనైనా లేదు. పళ్ల మధ్య పట్టుకున్న రెండు స్క్రూలు తీసి తాపీగా జేబులో వేసుకుంది.

"దొంగతనానికి వచ్చినవాళ్లు టూల్‌బాక్స్ మీద షాపు పేరూ, ఫోన్ నంబరూ రాయించుకుంటారా సార్?"

చూశాను. రాసే ఉంది, పెద్ద పెద్ద పసుపు అక్షరాలతో.

"మాది తాళాల షాపు. పాత టెనెంట్లు ఖాళీ చేశారుగా, తాళాలు మార్చమని ఓనరమ్మ పంపారు. తమరెవరు?"

"కేర్‌టేకర్‌ని. ఖాళీ ఇళ్లలో దొంగలు పడకుండా చూసేది నేనే."

"ఓహో, ఆ మహానుభావుడు మీరేనా! మొన్న ఈ ఇంట్లోంచే కదండీ, నీళ్ల మోటారు ఎత్తుకెళ్లింది?"

పుండు మీద కారం చల్లడంలో ఆమెకు మంచి అనుభవం ఉన్నట్టుంది.

నిజమే. ఓనరమ్మకు అయిదు అద్దె ఇళ్లున్నాయి. ఎప్పుడూ ఒకటో రెండో ఖాళీగా ఉంటాయి. చీమలకు బెల్లం ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు కదా, దొంగలకూ అంతే. ఒక ఇంట్లో కుళాయిలు పోయాయి, ఇక్కడ మోటారు పోయింది. ఆ రోజు ఓనరమ్మ నన్ను పిలిచి, "ఇంకొక్కసారి నా ఇంట్లో పరాయి మనిషి అడుగు పెట్టాడని తెలిసిందో, ఈ పని సెక్యూరిటీ కంపెనీకి ఇచ్చేస్తా. నువ్వు నీ దారి చూసుకో" అని ఎంతో ఆప్యాయంగా చెప్పింది.

తాళం బిగించడం అయ్యాక తాళాలమ్మాయి నా కాపలా ఏర్పాట్లన్నీ తనిఖీ చేసింది. అడక్కుండానే.

"గేటుకి టు-లెట్ బోర్డు. అంటే 'ఇల్లు ఖాళీ, దయచేయండి' అని దొంగకి మీరే చెప్తున్నారు. ఆ తర్వాత లోపల మనుషులున్నట్టు నటిస్తున్నారు. బాగుంది. ఆ నీలం చొక్కా ఎన్నాళ్లుగా ఆరుతోంది?"

"మూడు వారాలు."

"మధ్యలో నాలుగు వానలు పడ్డాయి. పాపం, ఎప్పటికి ఆరేను! అవునూ, ఈ పూలకుండీ ఏంటి ఇలా వంకరగా..."

"దాన్ని కదపకండి!"

అప్పటికే కదిపేసింది. కింద తాళంచెవి తళతళా మెరిసింది. ఆమె ఓ నిట్టూర్పు మాత్రం విడిచింది. ఏదైనా అని ఉంటేనే నయం.

ఆ రోజు నుంచి పని నాది, బుర్ర ఆమెది. బోర్డు పీకి ఇళ్ల ఏజెంటు షాపులో పెట్టాను. చొక్కాలు రోజుకొకటి మార్చాను. గుమ్మంలో నా పాత బూట్ల జత ఒకటి పెట్టాను. సాయంత్రం లైటు దానంతటదే వెలిగేలా టైమర్ బిగించాం. ఎదురింటి రిటైర్డ్ మేస్టారికి మాత్రం అసలు సంగతి చెప్పి, కాస్త కన్నేసి ఉంచమన్నాం. ఆయన అరవై ఏళ్లుగా వీధి మీద కన్నేసే ఉన్నాడు. ఇప్పుడు దానికొక హోదా వచ్చింది.

"గుమ్మంలో మీ బూట్లొక్కటే ఉంటే లాభం లేదు," అంది ఓ రోజు. "ఒంటరి మగాడు, పొద్దున పోతే చీకటి పడితే గానీ రాడు అని తెలిసిపోతుంది. పక్కన ఆడవాళ్ల చెప్పులుంటే, ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారని దొంగ జంకుతాడు."

"ఆడవాళ్ల చెప్పులు నేనెక్కణ్ణించి తేను?"

"అదీ నిజమే. మీ మొహం చూస్తే ఇచ్చేవాళ్లెవరూ ఉన్నట్టు లేరు."

మర్నాడు తనే ఒక జత తెచ్చి నా బూట్ల పక్కన పెట్టింది. ఎర్ర పట్టీల చెప్పులు. ఒక పట్టీ తెగితే, వాళ్ల నాన్న తాళంలో వాడే ఇత్తడి మేకుతో బిగించాడట.

ఆ రెండు జతల్ని అలా పక్కపక్కన చూస్తే నాకేదో అయింది. ఇల్లు ఖాళీ అని నాకు తెలుసు. ఇంట్లో మంచం కూడా లేదని తెలుసు. అయినా వాటిని దాటి లోపలికి వెళ్లిన ప్రతిసారీ, ఎవరైనా "వచ్చారా?" అంటారేమోనని ఓ క్షణం ఆగేవాణ్ణి. దొంగ మాట దేవుడెరుగు, నేను మాత్రం నమ్మేశాను.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఓ సాయంత్రం వానకు ఇద్దరం సన్‌షేడ్ కింద నిలబడ్డాం. ఆమె మొహం మీద చినుకులు.

"మీతో ఒక మాట..." అన్నాను.

"చెప్పండి."

"ఆ కిటికీ గొళ్లెం కాస్త వదులుగా ఉన్నట్టుంది."

ఆమె ఓసారి కిటికీని, ఓసారి నన్ను చూసింది. "అవును. కిటికీకే కాదు, ఇంకా చాలా చోట్ల వదులుగానే ఉంది," అని వానలోనే వెళ్లిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మేస్టారి ఫోన్.

"దొంగ దొరికాడోయ్! తాళం అర నిమిషంలో తీసి లోపలికి దూరాడు. నేను చప్పుడు కాకుండా వెళ్లి బయట గడియ పెట్టేశా. ఓనరమ్మకి కూడా చెప్పేశాలే!"

అంత చురుకుదనం ఆయనకు ఆ రోజే రావాలా? పరుగెత్తాను. దారిలో తాళాలమ్మాయికి ఫోన్ చేశాను, నా ఉద్యోగం పోతోంది, చివరిచూపుకు రమ్మని.

నేను చేరేసరికి లోపల్నుంచి తలుపు దడదడా మోగుతోంది. మేస్టారు గొడుగును గదలా పట్టుకుని నిలబడ్డాడు.

"తలుపు తీయండి! నా కూతురి చెప్పులు ఇక్కడెందుకున్నాయి? పక్కన ఆ బూట్లు ఎవడివి? ముందు వాణ్ణి పిలవండి!"

ఆ అరుపులు వింటే సంగతి తెలిసిపోయింది. ఈ వీధిలో ఏదో పని మీద వచ్చిన తాళాలాయన, తన చేత్తో కొట్టిన ఇత్తడి మేకును గుర్తుపట్టాడు. కూతురు తనకు చెప్పకుండా ఎవడితోనో కాపురం పెట్టేసిందనుకున్నాడు. మామూలు తండ్రయితే తలుపు కొట్టేవాడు. ఈయన తాళం తీశాడు. ముప్పై ఏళ్లుగా ఏ తాళానికీ లొంగని మనిషిని ఒక మామూలు గడియ బంధించింది.

అప్పుడే ఓనరమ్మ కారు దిగింది. ఆమె వెనకే తాళాలమ్మాయి స్కూటర్ ఆగింది. నేను గడియ తీశాను. చెమటలు కక్కుతూ ఆయన బయటికొచ్చాడు.

"ఎవరీయన? నా ఇంట్లో ఏం చేస్తున్నాడు?" అంది ఓనరమ్మ.

ఆయన అప్పుడు చుట్టూ చూశాడు. ఖాళీ గదులు, గోడకు టైమర్ లైటు, కూతురి తెల్లబోయిన మొహం. ఏం జరిగిందో ఆయనకు అర్థమైంది. తాళాలు బాగుచేసేవాడు పిలవని ఇంట్లో దూరాడని తెలిస్తే, రేపటి నుంచి ఆ షాపు గడప ఎవరు తొక్కుతారు? నా ఉద్యోగం సంగతి సరేసరి. దాంతోపాటు ఆ ఎర్ర చెప్పులూ పోతాయి. నిజం చెప్పొద్దూ, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

"పరాయి మనిషి కాదు మేడమ్," అన్నాను. "మా మామగారు."

మేస్టారు గొడుగు దించాడు.

"ఏవండీ, నిజమేనా?" ఓనరమ్మ ఆయన్నే అడిగింది.

తాళాలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఒకపక్క దొంగ అనే పేరు, ఇంకోపక్క నాలాంటి అల్లుడు. చాలాసేపే ఆలోచించాడు. అంత ఆలోచించడం నాకేమీ నచ్చలేదు.

"అవునమ్మా," అన్నాడు చివరికి, ఆముదం తాగినట్టు. "ఇల్లు చూసుకుందామని వచ్చాను."

"నన్ను ఎవరైనా అడిగారా?" అంది వెనక నుంచి తాళాలమ్మాయి.

నేను తిరిగాను. ఇక దాచడానికి ఏముంది? "నిన్న సన్‌షేడ్ కింద అడుగుదామనుకున్నది ఇదే. గొళ్లెం బాగానే ఉంది. మీరంటే నాకు ఇష్టం. ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా, ఆ చెప్పుల్ని చూసి రోజూ సంతోషపడ్డాను."

ఆమె గుమ్మం దగ్గరికొచ్చి, ఒక చెప్పు తీసి నా మొహం ముందు పెట్టింది. మేస్టారు ఓ అడుగు వెనక్కి వేశాడు.

"మా ఇంట్లో పారేసే చెప్పులు నాలుగు జతలున్నాయి. ఇవి నాకు బాగా ఇష్టమైనవి. తెగినా వదల్లేక నాన్న చేత బాగుచేయించుకున్నాను. దొంగల కోసం ఎవరైనా ఇష్టమైన చెప్పులు తెచ్చి పెడతారా? నెల రోజులుగా చూస్తూ ఉన్నారు, ఇంత కూడా తెలియలేదు. మీరు దొంగల్ని పడతారట!"

చెప్పు తీసుకెళ్లి మళ్లీ నా బూట్ల పక్కనే పెట్టింది. కాస్త దగ్గరగా.

ఓనరమ్మ మా ఇద్దర్నీ చూసి, నా అబద్ధం పట్టేసినట్టు నవ్వి, "అయితే ఈ ఇంట్లో మీరే దిగండి. నాకూ దొంగల బెడద తప్పుతుంది," అని కారెక్కింది.

కాబోయే మామగారు కూతురి స్కూటర్ మీది టూల్‌బాక్స్‌లోంచి స్క్రూడ్రైవర్ అందుకుని, బయటి గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"నేను వస్తూ పోతూ ఉంటాను అల్లుడూ," అన్నాడు. "ఇది ఇక్కడ ఉండకూడదు."