ఐదు వరసల బొంత

మంచుకోన రాజ్యంలో ఒక్క పొయ్యి కూడా వెలగడం లేదు. శిలాముఖుడనే రాక్షసుడు నిప్పునంతా ఎత్తుకుపోయి గుహలో దాచాడు. దాన్ని తేవడానికి వెళ్ళిన యువరాజు వసంతసేనుడు గుహ ముందే శిలైపోయాడు. రాజుకు ఇక మిగిలిన బిడ్డ, యువరాజు చెల్లెలు కువలయ. అన్న బొంతా తన బొంతా మూటగట్టుకుని ఆమె అడవిదారి పట్టింది.

ముళ్ళపొదలు కాళ్ళు చీరాయి. వాగు మీద గడ్డకట్టిన మంచు నడిమధ్యలో పగిలింది. ఎలాగో ఒడ్డు చేరి వణుకుతున్న ఆమెను చూసి ఒక ముని, "తిరిగిపో తల్లీ! ఆ గుహ తలుపు మీది చిక్కుప్రశ్న దూరం నుంచే చూశాను, నాకే విడలేదు" అన్నాడు. ఆయన దగ్గరున్నది ఒక్క తేనెపట్టు ముక్క. దాన్ని ఆమె చేతిలో పెట్టి, తాను వేళ్ళు నాక్కున్నాడు.

గుహ తలుపు మీద వర్గమూలం గుర్తు, దాని కింద రాత: √(9క² + 16క²).

"క అంటే ఎంత?" అని అడిగింది కువలయ.

"చెప్తే ఇంకేముంది పిల్లా!" తలుపు పక్కన కాపలా ఉన్న శిలాముఖుడు పగలబడి నవ్వాడు. "అది తెలియకుండానే మూలం తియ్యి. మీ అన్న మహా తెలివిగా మూడు క, నాలుగు క విడివిడిగా తీసి, ఏడు క అన్నాడు. అదిగో, నిలబడ్డాడు! పొద్దుగూకేలోపు చెప్పకపోతే నువ్వూ అంతే."

కువలయకూ ఏడే తోచింది. ఎంత ఆలోచించినా మరొకటి తట్టలేదు. ఆశ వదిలేసి, అన్నకు చివరగా చేయవలసింది చేద్దామనుకుంది.

వాళ్ళ వంశంలో పెద్దబిడ్డకు నాలుగు వరసల చదరపు బొంత, చిన్నబిడ్డకు మూడు వరసలది కుడతారు. ముక్కలన్నీ ఒకే కొలత చదరాలు. ఒకరు పోతే రెండు బొంతలూ విప్పి, ఒకే చదరంగా కుట్టి కప్పుతారు. అది ఆమె వినడమే గాని ఎన్నడూ చూడలేదు.

ఏడుస్తూనే కుట్లు విప్పింది. వరసకు ఏడేసి పేర్చింది. నాలుగో వరసకే ముక్కలు చాలలేదు. మళ్ళీ చెరిపి, ఐదేసి పేర్చింది. ఐదు వరసలు సరిగ్గా నిండాయి.

సూది చేతిలోనే ఆగిపోయింది. ముక్క భుజం క అయితే, దాని వైశాల్యం క². తొమ్మిదీ పదహారూ కలిస్తే ఇరవై ఐదు ముక్కలు. వాటి చదరానికి భుజం...

"ఐదు క!" అని అరిచింది. "ముందు కూడాలి, ఆ తర్వాతే మూలం తీయాలి!"

తలుపు పగిలింది. శిలాముఖుడు ఇసుకై రాలిపోయాడు. నిప్పు సెగ తగిలి వసంతసేనుడు కళ్ళు నులుముకున్నాడు.

"నా బొంత ఎందుకు విప్పావే?"

"నువ్వు పోయావనుకున్నా అన్నయ్యా!"

"సరేలే, తొందరగా కుట్టు. చలేస్తోంది."

దారిలో మొదటి నిప్పుకణిక మునికిచ్చి ఇద్దరూ ఇల్లు చేరారు. ఇంటింటా పొయ్యి రాజుకుంది. తండ్రి కిరీటం కువలయకే పెట్టాడు. ఆమె రాణి అయ్యాక ఆచారం ఒక్కటి మార్చింది. మంచుకోనలో ఐదు వరసల బొంత ఇప్పుడు పోయినవాళ్ళకు కాదు, చలికాలంలో తోబుట్టువులు కలిసి కప్పుకోవడానికే.