ఎర్రబారిన బనీను

దాసప్ప శవం ఇంకా ఇంటి వరండాలోనే ఉంది. చంపినానని చెప్పే మనిషి మాత్రం అప్పుడే స్టేషనుకొచ్చి కూర్చుంది.

పుంగనూరు. 2006 మార్చి. ఉదయం ఏడున్నర. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తాహిర్ ఇంకా టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోలేదు. ఎదురుగా బెంచీ మీద మునీశ్వరి. దాసప్ప మెడికల్ షాపులో పనిచేసే మనిషి.

"మా షావుకారిని నేనే సంపినాను సార్. ఆయన టీబీ మందు తీసేసి, మా అంగట్లో అమ్మే క్యాప్సూల్సు పెడతా వచ్చినాను."

"అంగట్లోవి మింగితే చస్తారా?"

"మా ఆయన సచ్చిపోలేదా?"

తాహిర్ గ్లాసు కింద పెట్టాడు. ఒక్కొక్క ప్రశ్నే వేస్తూ సంగతంతా రాబట్టాడు.

ఆమె భర్త మారప్ప మదనపల్లె టమోటా మార్కెట్లో హమాలీ. టీబీ వచ్చింది. సర్కారు ఆస్పత్రిలో మందు ఉచితమే. కానీ జబ్బు సంగతి బయటపడితే పక్కన నిలబడి బాక్సు ఎత్తేవాడెవడు? అందుకని గుట్టుగా పుంగనూరొచ్చి, దాసప్ప దగ్గర కొని మింగాడు. ఒక్క పూట తప్పలేదు. అయినా ఏడాది కిందట పోయాడు. మందు సరిగ్గా మింగి ఉండడులే అన్నారు ఊరంతా. చావు కన్నా ఆ మాట మునీశ్వరి కడుపులో ఎక్కువ మంట పెట్టింది. పగబట్టి ఆ అంగట్లోనే పనికి చేరింది. ఒక క్యాప్సూల్ విప్పి చూసింది. మైదాపిండి, అందులో చిటికెడు మందు. తిరగని ఆఫీసు లేదు. విన్నవాడు లేడు.

"మీ ఆయనకు ఒంటేలు ఎర్రగా వచ్చేదా?"

"యాడ సార్. నీళ్ళ మాదిరే ఉండె."

దాసప్ప కొడుకు ఉదయ్ కిరణ్ రానే వచ్చాడు. ఈమెను ఉరి తీయాలన్నాడు. తండ్రి మందు తనే బెంగుళూరు నుంచి తెచ్చేవాడట.

"అదే కంపెనీ మందు మీ అంగట్లో లేదా?" అన్నాడు తాహిర్.

"ఉండాది."

"మరి బెంగుళూరు దాకా యాల పోతివి?"

ఉదయ్ కిరణ్ మాట మార్చబోయాడు. తాహిర్ వదల్లేదు. మీ అంగడి సరుకు మంచిదైతే ఈమె చేసింది హత్య కాదు, హత్యేనంటే సరుకు దొంగది, ఏదో ఒకటి తేల్చి రాసియ్యమన్నాడు. ఆ కుర్రాడికి తండ్రి పోయిన కోపం, ఎదురుగా నేరం ఒప్పుకున్న ఆడమనిషి. ఆలోచించకుండా హత్యేనని రాసి సంతకం పెట్టాడు. తన మెడకు తనే ఉచ్చు బిగించుకున్నాడు, పాపం అనేవాళ్ళు కూడా లేరు.

ఆ కాగితంతో తాహిర్ అంగట్లో సరుకంతా సీజ్ చేశాడు. పెట్టెల మీది గుర్తులు పట్టుకుని పోతే కుప్పంలో ఒక గోడౌన్ దొరికింది. లోపల మైదా మూటలు, ఖాళీ క్యాప్సూళ్ళు.

సరుకు సీజ్ చేయక ముందే తాహిర్ శవాన్ని చూడ్డానికి దాసప్ప ఇంటికి వెళ్ళాడు. దాసప్ప ఒంటి మీది తెల్ల బనీను చంకల్లో ఎర్రగా ఉంది. కుంకుమో, వక్కాకు మరకో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. తాహిర్ మాత్రం అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు అందర్నీ అంగడికి పిలిపించాడు. మదనపల్లె నుంచి డాక్టర్ మాలతి కూడా వచ్చింది. చివరి రోజుల్లో మారప్పకూ, తర్వాత దాసప్పకూ కళ్ళె తీయించి జన్యు పరీక్ష చేయించింది ఆమే.

"నువ్వు మందు మార్చలేదమ్మా," అన్నాడు తాహిర్ మునీశ్వరితో. "టీబీకిచ్చే రిఫాంపిసిన్ మందు నిజమైనదైతే ఒంటేలే కాదు, చెమట కూడా ఎర్రగా పడుతుంది. మీ షావుకారు చివరి రోజు దాకా అసలు మందే మింగినాడు. అబద్ధం యాల చెప్పినావు?"

మునీశ్వరి తల దించలేదు.

"మామూలు అర్జీ ఇస్తే ఎవురూ ఆ క్యాప్సూల్ ఇప్పి సూడలేదు సార్. కొలకేసు, మనిషిని సంపిందంటే సూస్తారు గదా. నేను జైలుకు పోయినా పర్వాలే."

"అసలు మందే మింగితే మా నాయన ఎట్ల పోయినాడు?" అని ఉదయ్ కిరణ్ గొంతు పెంచాడు.

డాక్టర్ మాలతి చెప్పింది. చాలీచాలని మందు పడితే బలహీనమైన క్రిములు చస్తాయి. జన్యువులో మార్పు వచ్చి మందుకు లొంగనివి మిగిలి, అవే పెరుగుతాయి. మారప్ప క్రిముల్లో రెండు జీన్లలో రెండు అరుదైన మార్పులు ఉన్నాయి. దాసప్ప మొదటి మాత్ర మింగకముందు తీసిన కళ్ళెలోనూ సరిగ్గా ఆ రెండే. మొండి క్రిమి బయటి నుంచే ఆయన ఒంట్లోకి వచ్చింది, అందుకే అసలు మందు కూడా పనిచేయలేదు.

"మారప్ప మందు కొనేటప్పుడు ఎక్కడ కూర్చునేవాడు?" అన్నాడు తాహిర్.

మునీశ్వరి అంగడి వెనక కర్టెన్ వైపు చూసింది. దాని వెనక కిటికీ లేని చిన్న గది, రెండు స్టూళ్ళు.

"ఆ గదిలోనే సార్. జనం సూడకుండా షావుకారే కూర్చోబెట్టేటోడు. మా ఆయన నోటికి తువాలు అడ్డం పెట్టుకుంటే, 'తీసెయ్యి, ఎవురన్నా సూస్తే టీబీ అనుకుంటారు, అంగడికి రారు' అన్నాడంట. ఇంటికొచ్చి నాతో చెప్పినాడు."

దొంగ మందులు అమ్మిన నేరానికి ఉదయ్ కిరణ్ చేతులకు కానిస్టేబుల్ బేడీలు వేశాడు. మునీశ్వరి కర్టెన్ పక్కకు లాగి, ఆ రెండు స్టూళ్ళనూ చూస్తూ నిలబడింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"అయితే పగ తీర్చుకునింది నేను కాదు సార్," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆయనే."